పదునైందా అని జీపీఎస్‌ని అడిగితే

మాదాపూర్‌లో అద్దాల భవనాల మధ్య నిలబడి క్యాబ్ బుక్ చేశారనుకోండి. మీరుండేది రోడ్డుకి ఇటు పక్క. ఫోన్‌లో నీలి చుక్క మాత్రం అటు పక్క, ఎవరిదో ప్రహరీ లోపల కూర్చుని ఉంటుంది. డ్రైవర్ ఫోన్ చేసి "లొకేషన్‌కి వచ్చేశాను, మీరెక్కడ?" అంటాడు. మీరు "నేనూ అక్కడే ఉన్నా" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేడా వచ్చింది సిగ్నల్ దగ్గర.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. అక్కణ్నుంచి బయల్దేరిన సిగ్నల్ మన ఫోన్‌కి చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి, ఫోన్ దూరం లెక్కేస్తుంది. నేరుగా వస్తే బాధ లేదు. కానీ కొంత సిగ్నల్ పక్కనున్న గోడకి తగిలి, చుట్టు తిరిగి వస్తుంది. దాని దారి కాస్త పొడవు. ఆ పొడవు కూడా లెక్కలో కలిసిపోయి మన చుక్క పక్కకి జరుగుతుంది. ఇంజనీర్లు దీన్ని మల్టీపాత్ అంటారు. వాళ్లకి ఇదో తలనొప్పి. దీన్ని వదిలించుకోవడానికి యాంటెనాల చుట్టూ ప్రత్యేకంగా లోహపు వలయాలు కూడా పెడతారు.

నేను చెప్పబోయేది ఆ తలనొప్పి గురించే. అదే సిగ్నల్ గోడకి కాకుండా నేలకి తగిలి వచ్చిందనుకోండి, అది నేల సంగతులు మోసుకొస్తుంది. నేల తడిగా ఉందా, ఆరిపోయిందా? పైన మంచు ఎంత మందాన ఉంది? మొక్కల్లో నీళ్లెన్ని? ఇవన్నీ అందులోంచి తీయొచ్చు. కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. దారి చూపించడానికి పైకి పంపినవే చాలు.

నాకు ఈ విషయం మీద ఇంత ఆసక్తి ఎందుకో చెప్పాలంటే ముందు ఒక తెలుగు మాట గురించి చెప్పాలి.

పదును అంటే కత్తికి మాత్రమే కాదు

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. ఏడెకరాల ఎర్రనేల. బోరు ఉంది, నీళ్లు లేవు. నాయన వేసేది వేరుశనగ, మా వాడుకలో శెనక్కాయ. జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఒక లెక్క ప్రకారం పడదు.

సిటీలో పెరిగినవాళ్లకి పదును అంటే కత్తి గుర్తొస్తుంది. మా ఊళ్లో పదును అంటే నేలలో విత్తనానికి సరిపడా తేమ. "పదునైందా?" అంటే విత్తేంత వాన పడిందా అని అర్థం. "పదును తప్పింది" అంటే నేల ఆరిపోయింది, ఇక మళ్లీ వాన కోసం చూడాల్సిందే అని. వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందని మా ఊళ్లో ఎవరూ అడగరు. పదునైందా లేదా, అంతే.

వాన పడిన మర్నాడు పొద్దున్నే నాయన చేనికి పోతాడు. చెప్పులు గట్టు మీదే విడుస్తాడు. మడమతో నేలని తవ్వి, గుప్పెడు మట్టి తీసి పిసుకుతాడు. మట్టి ముద్ద కట్టాలి, కింద వేస్తే పగలాలి. ముద్ద కట్టకపోతే పదును చాలదు. పగలకుండా చేతికి అంటుకుంటే ఎక్కువైంది, ఇంకో రోజు ఆగాలి. ఆ తర్వాత ఇంటికొచ్చి గొర్రు కట్టాలా వద్దా అన్నది చెబుతాడు.

ఈ నిర్ణయం చిన్నది కాదు. శెనక్కాయ విత్తనం ఖరీదు ఎక్కువ, పరిమాణమూ ఎక్కువ. ఏడెకరాలకి సంచులకి సంచులు నేలలో పోయాలి. అరకొర పదునులో వేస్తే సగం మొలుస్తాయి, సగం నేలలోనే మాడిపోతాయి. ఆగితే ఆరుద్ర పోయి పునర్వసు వస్తుంది, అదను దాటిపోతుంది. నా కాలేజీ ఫీజు, అన్న పెళ్లి, ఇంటి పైకప్పు, అన్నీ ఆ మట్టి ముద్ద పగిలే తీరు మీద ఆధారపడ్డవే.

కొలరాడోలో మంచు లెక్కలు

ఎమ్మెస్ చదవడానికి నేను అమెరికాలో కొలరాడో రాష్ట్రం వెళ్లాను. రాకీ పర్వతాల అంచున ఉండే బౌల్డర్ అనే ఊరు. మొదటి చలికాలంలో నన్ను ఆశ్చర్యపరిచింది చలి కాదు. అక్కడివాళ్లు మంచు గురించి మాట్లాడుకునే తీరు. కొండ మీద మంచు ఈ ఏడాది సగటులో ఎంత శాతం ఉందని వార్తల్లో చెబుతారు. కిరాణా కొట్లో డబ్బులు కడుతూ కూడా అదే మాట. మా ఊళ్లో మృగశిర కార్తెలో వాన గురించి మాట్లాడుకున్నట్టే.

కారణం తర్వాత తెలిసింది. అమెరికా పడమటి రాష్ట్రాలకి కొండల మీది మంచే చెరువు. చలికాలమంతా పేరుకుంటుంది, ఎండలు ముదిరేకొద్దీ కరిగి నదుల్లోకి దిగుతుంది. ఒక్క కొలరాడో నది మీదే దాదాపు 4 కోట్ల మంది ఆధారపడి ఉన్నారు. పైన మంచెంతుందో మార్చిలో తెలిస్తేనే, వేసవిలో ఎవరికి ఎన్ని నీళ్లివ్వాలో లెక్క తేలుతుంది.

ఆ లెక్క తలకిందులైతే ఏమవుతుందో కాలిఫోర్నియా చూసింది. అక్కడ సియెర్రా నెవాడా కొండల్లో ఫిలిప్స్ అనే చోట ఏటా మంచు మందాన్ని కడ్డీ గుచ్చి కొలుస్తారు. 2015 ఏప్రిల్ 1న కొలవడానికి వెళ్తే అక్కడ మంచు లేదు. ఎండు గడ్డి ఉంది. అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఆ గడ్డి మీదే నిలబడి, పట్టణాల్లో నీటి వాడకం పాతిక శాతం తగ్గించాలని ఆదేశం ప్రకటించారు. రాష్ట్రం మొత్తం మీద ఆ రోజుకి ఉండాల్సిన మంచులో ఉన్నది 5 శాతమే.

కొలవడం ముఖ్యమని అందరికీ తెలుసు. ఎలా కొలవాలన్నదే చిక్కు. కడ్డీ గుచ్చితే ఆ ఒక్క చోటి సంగతే తెలుస్తుంది. గాలికి మంచు ఒకచోట గుట్ట పడుతుంది, పక్కనే నేల బయటపడుతుంది. అందుకే విశాలమైన చోటు మీద, రోజూ, మనిషి వెళ్లకుండా కొలిచే పద్ధతి కావాలి.

భూకంపాల కోసం పెట్టిన కర్ర

బౌల్డర్ చుట్టుపక్కల నడకకి వెళ్లినప్పుడు ఒక వస్తువు చూశాను. నేలలోకి లోతుగా దింపిన ఉక్కు కాళ్లు, వాటి మీద బోర్లించిన గిన్నె లాంటి బూడిద రంగు డోమ్, పక్కన సోలార్ పలక. మనిషంత ఎత్తు. వాతావరణం కోసం అనుకున్నాను. నా ల్యాబ్‌లో సీనియర్ ఒకరు అది జీపీఎస్ స్టేషన్ అని చెప్పారు. పడమటి అమెరికా అంతటా అలాంటివి 1,100 దాకా పెట్టారు, ప్లేట్ బౌండరీ అబ్జర్వేటరీ అనే పేరుతో.

వాటి పని భూమి పలకల కదలికను చూడటం. పసిఫిక్ పలక, ఉత్తర అమెరికా పలక ఒకదాన్నొకటి రాసుకుంటూ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంటాయి. మిల్లీమీటరు తేడాని కూడా పట్టుకోవాలి కాబట్టి యాంటెనాని రాతిలోకో, లోతైన నేలలోకో బిగిస్తారు. మంచు గురించి, తేమ గురించి వాటిని పెట్టినవాళ్లు ఆలోచించనేలేదు.

ఆలోచించింది క్రిస్టీన్ లార్సన్. అప్పట్లో కొలరాడో యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఆమెదీ భూకంపాల రంగమే. 2002లో అలాస్కాలో డెనాలి దగ్గర 7.9 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, నేల ఊగిన తీరుని జీపీఎస్ స్టేషన్లు కూడా రికార్డు చేశాయని చూపించినవారిలో ఆమె ఒకరు. భూకంపం జాడ స్పష్టంగా కనిపించాలంటే నేలకి తగిలి వచ్చే సిగ్నల్ గోలని తీసెయ్యాలి. తీసెయ్యాలంటే ముందు అది ఎలా ఉంటుందో తెలియాలి. అలా ఆ గోలని దగ్గరగా చూసినవాళ్లకి, అది ఎప్పుడూ ఒకేలా ఉండదని, నేల మారితే అదీ మారుతుందని అర్థమైంది.

అదే యూనివర్సిటీలో నీటి శాస్త్రం చదివిన ఎరిక్ స్మాల్, మరికొందరు ఇంజనీర్లు ఆమెతో కలిశారు. 2008లో నేల తేమ మీద వాళ్ల తొలి ఫలితాలు వచ్చాయి. 2009లో మంచు మీద. మంచు ఫలితం బౌల్డర్‌కి దక్షిణాన మార్షల్ అనే చోట ఉన్న స్టేషన్‌ది. నేను రోజూ బస్సులో తిరిగే ఊరి పక్కనే. అది తెలిసిన రోజు ఆ పరిశోధనా పత్రాన్ని రాత్రంతా కూర్చుని చదివాను.

ఇద్దరు తోసే ఊయల

పద్ధతి కష్టమైందేమీ కాదు. ఒక ఊయలని ఇద్దరు తోస్తున్నారనుకోండి. ఇద్దరూ ఒకే అదనులో తోస్తే ఊయల ఎత్తుకి పోతుంది. ఒకరు ముందుకి, ఒకరు వెనక్కి తోస్తే నిలబడిపోతుంది. యాంటెనా దగ్గరికి వచ్చే రెండు సిగ్నళ్లు కూడా అంతే. ఒకటి ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చింది, రెండోది నేలకి తగిలి వచ్చింది. రెండూ కలిసొస్తే బలం పెరుగుతుంది, ఎదురెదురైతే తగ్గుతుంది.

ఉపగ్రహం ఆకాశంలో పైకెక్కే కొద్దీ రెండు దారుల మధ్య తేడా మారుతూ ఉంటుంది. అందుకని సిగ్నల్ బలం పెరుగుతూ, తగ్గుతూ అలలు అలలుగా కనిపిస్తుంది. యాంటెనా నేలకి ఎంత ఎత్తున ఉంటే అన్ని ఎక్కువ అలలు.

ఒక లెక్క చూద్దాం. జీపీఎస్ పంపే సిగ్నళ్లలో ఒకదాని తరంగదైర్ఘ్యం సుమారు 24 సెంటీమీటర్లు. యాంటెనా నేల నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉంది. ఉపగ్రహం దిగంతం నుంచి 5 డిగ్రీల దగ్గర మొదలై 25 డిగ్రీలు ఎక్కేలోపు సుమారు ఐదున్నర అలలు వస్తాయి. రాత్రి మీటరు మందాన మంచు పడిందనుకోండి. ఇప్పుడు సిగ్నల్ తగిలేది నేలకి కాదు, మంచు పైభాగానికి. యాంటెనాకి, దానికి మధ్య మిగిలింది ఒక్క మీటరే. అలలు సగమైపోతాయి. అలలు లెక్కపెడితే మంచు మందం తెలిసిపోయినట్టే.

నేల తేమకి ఇంకో గుర్తు. తడి నేల సిగ్నల్‌ని పైపైనే తిప్పి పంపుతుంది. పొడి నేల దాన్ని కొంచెం లోపలికి పోనిస్తుంది. అలల సంఖ్య పెద్దగా మారదు గానీ, అల మొదలయ్యే చోటు కాస్త జరుగుతుంది. వాన పడిన రోజు ఒక్కసారిగా జరిగి, తర్వాత నేల ఆరే కొద్దీ రోజురోజుకీ మెల్లగా వెనక్కి వస్తుంది.

మొక్కలకి మూడో గుర్తు. చేను ఏపుగా పెరిగి ఆకుల్లో నీళ్లుంటే, నేలకి తగిలొచ్చే సిగ్నల్ చెదిరిపోతుంది. అలల ఎత్తు తగ్గుతుంది. చేను ఎండితే మళ్లీ పెరుగుతుంది. ఇక్కడ ఒక విశేషముంది. ఫొటో తీసే ఉపగ్రహాలు పచ్చదనం చూస్తాయి, మబ్బు అడ్డొస్తే అదీ కనపడదు. ఇది ఆకుల్లో నీటిని చూస్తుంది. మబ్బున్నా, చీకటైనా ఆగదు.

ఇంకా మంచి సంగతి, ఒక్కో జీపీఎస్ ఉపగ్రహం రోజూ నాలుగు నిమిషాలు ముందుగా దాదాపు అదే దారిలో వస్తుంది. అంటే నిన్న చూసిన నేల ముక్కనే ఇవాళా చూస్తుంది. రెండు మీటర్ల ఎత్తున్న యాంటెనా చుట్టూ చూసే మేర సుమారు వెయ్యి చదరపు మీటర్లు. మన లెక్కలో పాతిక సెంట్లు.

అలాస్కాలో సముద్రం ఒడ్డున కొండ మీద పెట్టిన ఒక స్టేషన్ అయితే ఆటుపోట్లని కూడా కొలిచేసింది. నీళ్లు పైకొస్తే ఎత్తు తగ్గుతుంది, దిగితే పెరుగుతుంది, సూత్రం ఒకటే. 2013లో లార్సన్, ఆమె సహచరులు దాని మీద రాసిన పత్రానికి అనుకోకుండా దొరికిన ఆటుపోట్ల కొలబద్ద అని అర్థం వచ్చే పేరు పెట్టారు.

"రెండంగుళాల పదునుకా?"

ఇదంతా అర్థమయ్యాక ఆదివారం ఫోన్‌లో నాయనకి చెప్పాను.

"మంచెంతుందో చెప్తాదా? మనకెందుకు పాపా మంచు?"

"మంచే కాదు నాయనా, పదును కూడా చెప్తాది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "ఎంత లోతుకి చెప్తాది?"

"పైన ఐదు సెంటీమీటర్లు. అంటే రెండంగుళాలు."

"రెండంగుళాల పదునుకి గొర్రు కడితే ఊర్లో నవ్వుతారు పాపా. జానెడు లోపల ఉందా లేదా, అది కావాల."

నేను నవ్వాను గానీ, ఆయన అడిగింది ఈ రంగంలో అందరూ అడిగే ప్రశ్నే. జీపీఎస్ వాడే తరంగాలు నేలలోకి అంతకన్నా లోతుకి పోయి, పనికొచ్చే వార్త తీసుకురాలేవు. వేర్లుండేది ఇంకా కింద. దానికి శాస్త్రవేత్తలు చేసేదేమిటంటే, పై పొర ఎంత తడిసింది, ఎన్ని రోజుల్లో ఆరింది అని వరసగా చూసి, కింది పొరలో ఎంత మిగిలి ఉంటుందో లెక్కగడతారు. కింద తడి ఉంటే పైన నెమ్మదిగా ఆరుతుంది. నాయనకి ఇది చెబితే "అట్లయితే సరే" అన్నాడు. "వాన పడిన మూడో రోజు చూసేది దానికే గదా" అని కూడా అన్నాడు.

ఇంకా అడ్డంకులున్నాయి. చెట్ల కింద ఈ పద్ధతి పనిచేయదు. ఎగుడుదిగుడు నేల మీద కష్టం. మంచు మందం తెలుస్తుంది గానీ, అందులో నీరెంతో నేరుగా తెలియదు. కొత్త మంచు దూదిలా ఉంటుంది, పాతది గట్టిపడి ఉంటుంది. కాబట్టి బరువు లెక్క వేరే వేసుకోవాలి. పైరు బాగా పెరిగాక నేల తేమ లెక్క కూడా గజిబిజి అవుతుంది. నేల సంగతి ఏది, ఆకు సంగతి ఏది అని విడదీయాలి.

పదకొండు కిలోమీటర్ల దూరం

మరి నాయన మడమే బాగుంది కదా, ఈ యాంటెనా ఎందుకు అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. జవాబు నేను ఇంటర్ చదివిన ఏడాదిలో ఉంది.

మా మండల కేంద్రంలో వాన కొలిచే పరికరం ఉంది. అక్కణ్నుంచి మా చేను 11 కిలోమీటర్లు. ఆ ఏడు శెనక్కాయ ఊడలు దిగే సమయంలో మా చేనికి వాన లేదు. మండల కేంద్రంలో మాత్రం ఒక సాయంత్రం కుండపోత. మా ఊళ్లో నాలుగు చినుకులు పడి దుమ్ము అణిగింది, అంతే. కానీ రిజిస్టర్‌లో మాత్రం మండలానికి వాన పడింది. ఎండు రోజుల వరస తెగిపోయింది. తర్వాత వచ్చిన కరవు మండలాల జాబితాలో మా మండలం పేరు లేదు.

నాయన ఎవరినీ ఏమీ అనలేదు. అనడానికి ఆయన దగ్గర కాగితం ఏదీ లేదు. మా చేనిలో పదును లేదని ఆయన మడమకి తెలుసు. ఆ తెలిసింది రాసి పెట్టే రిజిస్టర్ ఎక్కడా లేదు. ఆ ఏడు అన్న చదువు ఆపేసి బెంగళూరు పోయాడు.

అందుకే తేమని ఎంత మేరలో కొలుస్తారన్నది నాకు పెద్ద విషయం. నేలలో గుచ్చే పరికరం తన చుట్టూ గుప్పెడు మట్టినే చూస్తుంది. ఆకాశం నుంచి తేమని కొలవడానికే ప్రత్యేకంగా పంపిన ఉపగ్రహాలున్నాయి. 2009లో యూరప్‌వాళ్లు స్మాస్‌ని, 2015లో నాసా స్మాప్‌ని పంపాయి. అవి ప్రపంచమంతా చూస్తాయి గానీ, వాటికి ఒక్కో గడి 40 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఒక గడిలో మా మండలమూ పక్క మండలాలూ కలిసిపోతాయి. స్మాప్‌లో ఇంకా సన్నగా చూడటానికి పెట్టిన రాడార్ ఆ ఏడాది జులైలోనే పనిచేయడం మానేసింది. గుప్పెడు మట్టికీ, 40 కిలోమీటర్ల గడికీ మధ్య రైతు చేను ఉంటుంది. నేలకి తగిలొచ్చే జీపీఎస్ సిగ్నల్ చూసేది సరిగ్గా ఆ మేరనే.

మన దేశంలో 2016లో కేంద్రం తెచ్చిన కరవు మాన్యువల్‌లో వానతో పాటు నేల తేమ కూడా ఒక సూచిక. అంటే పదును అన్న మాట కాగితం మీదికి ఎక్కింది. ఇక దాన్ని చేను మేరకి కొలిచే పరికరాలు కావాలి.

పైనుంచి కూడా ఈ పనే జరుగుతోంది. 2016 డిసెంబర్‌లో నాసా సిగ్నస్ పేరుతో ఎనిమిది చిన్న ఉపగ్రహాలను పంపింది. అవి సొంతంగా నేల మీదికి ఏ సిగ్నలూ పంపవు. జీపీఎస్ సిగ్నళ్లు కిందికి పోయి, తగిలి, పైకి వచ్చినవాటిని పట్టుకుంటాయి, అంతే. పంపింది తుపానుల్లో సముద్రం మీద గాలి వేగం కొలవడానికి. నేల మీదుగా పోయేటప్పుడు కూడా అవి వింటూనే ఉన్నాయి కాబట్టి, తేమనీ వరద నీటినీ వాటితో చూడొచ్చని తేలింది. భూమధ్యరేఖకి అటూ ఇటూ 38 డిగ్రీల దాకా అవి చూడగలవు. అనంతపురం, ఆదిలాబాద్, శ్రీకాకుళం, అన్నీ వాటి దారిలోనివే. ఇలా తగిలొచ్చే సిగ్నళ్లతో సముద్రాన్ని కొలవొచ్చని 1993లోనే యూరోపియన్ స్పేస్ ఏజెన్సీకి చెందిన మార్టిన్ నీరా ప్రతిపాదించారు. ఆ ఆలోచన నేల మీదికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఆగిపోయిన పేజీ

లార్సన్ బృందం పడమటి అమెరికాలోని ఆ స్టేషన్ల నుంచి ప్రతిరోజూ మంచు మందం, నేల తేమ, మొక్కల్లో నీరు లెక్కగట్టి అందరికీ కనిపించేలా పెట్టేది. దాని పేరు పీబీఓ హెచ్‌టూఓ. 2017లో అది ఆగిపోయింది. స్టేషన్లు అక్కడే ఉన్నాయి. సిగ్నళ్లు నేలకి తగిలి వస్తూనే ఉన్నాయి. వాటిని రోజూ నేల లెక్కగా మార్చి పెట్టే పేజీ మాత్రం లేకుండా పోయింది.

మొదట విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. తర్వాత ఒక సంగతి గమనించాను. ఆ పద్ధతి ఎవరి బీరువాలోనూ లేదు. లెక్కగట్టే ప్రోగ్రాములని లార్సన్ ఓపెన్ సోర్స్‌గా పెట్టేశారు. ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకోవచ్చు. స్టేషన్ల పాత రికార్డులూ దొరుకుతాయి. పదేళ్ల కిందటి ఒక స్టేషన్ ఫైల్ తెరిచి, ఆ రోజు అక్కడ మంచెంత ఉందో ఇవాళ మీ ల్యాప్‌టాప్‌లో చూడొచ్చు. నేను మొదట చేసింది అదే. మార్షల్ స్టేషన్ ఫైళ్లు దించి, 2009 వసంతంలో పడిన మంచుని మళ్లీ కొలిచాను. గ్రాఫ్ మీద గీత పైకి లేచి, నాలుగు రోజుల్లో దిగిపోయింది. నేను అక్కడికి వెళ్లడానికి ఎన్నో ఏళ్ల ముందు కరిగిపోయిన మంచు అది.

మీరూ చిన్నగా మొదలుపెట్టొచ్చు. జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్ ఒకటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకుని డాబా ఎక్కండి. తల మీద ఏయే ఉపగ్రహాలున్నాయో, ఒక్కోదాని సిగ్నల్ బలమెంతో వరసగా కనిపిస్తుంది. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, కొన్ని ఫోన్లలో మన నావిక్ కూడా. దిగంతానికి దగ్గరగా ఉన్నవాటిని కాసేపు చూస్తూ ఉండండి. అంకెలు నిలకడగా ఉండవు, ఊగుతుంటాయి. ఆ ఊగడానికి కారణాలు చాలా. మీ డాబా గచ్చుకి, పక్కింటి ట్యాంకుకి తగిలొచ్చే సిగ్నల్ వాటిలో ఒకటి.

చేనిలో కర్ర ఎక్కడ పాతాలి?

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో మ్యాపులు తయారుచేసే పనిలో ఉన్నాను. జీతంలో కొంత దాచి, తక్కువ ధరలో దొరికే జీపీఎస్ రిసీవర్, యాంటెనా, చిన్న సోలార్ పలక కొన్నాను. అమెరికాలో చూసిన స్టేషన్ ఖరీదులో ఇది ఏ మూలకీ రాదు. పలకల కదలిక కొలవాలంటే మిల్లీమీటరు ఖచ్చితత్వం కావాలి. సిగ్నల్ బలం ఊగడాన్ని రాసుకోవడానికి అంత అక్కర్లేదు. ఇలాంటి చవక పరికరాలతో చేసి చూసినవాళ్లు ఇప్పటికే ఉన్నారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాయనతో కలిసి చోటు చూశాను. నాకు చెట్లు లేని, చదునైన చోటు కావాలి. నాయనకి గొర్రు తిరగడానికి అడ్డం లేని చోటు కావాలి. గట్టు మీద వేపచెట్టు పక్కన పెడదామన్నాడు, నీడ ఉంటుందని. నీడే వద్దన్నాను. చేను మధ్యలో అన్నాను. "ఎద్దులు రాసుకుంటాయి" అన్నాడు. చివరికి తూర్పు గట్టు ఒప్పుకున్నాడు. అక్కణ్నుంచి పడమరగా ముప్పై నలభై మీటర్ల దాకా చేను కనిపిస్తుంది. పాతిక సెంట్లు రాకపోయినా, చాలినంత.

కర్ర పాతితే అయిపోదు. యాంటెనా ఇచ్చేది అల జరిగిన లెక్క. అది ఎంత జరిగితే ఎంత తేమ అన్నది ఒక్కో నేలకి ఒక్కోలా ఉంటుంది. మా ఎర్రనేలకి దాన్ని మేమే కట్టుకోవాలి. వాన పడిన రోజు, తర్వాతి రోజుల్లో మట్టి తీసి, తూకం వేసి, ఎండబెట్టి, మళ్లీ తూకం వేసి, ఎంత నీరు పోయిందో చూడాలి. కనీసం రెండు మూడు ఖరీఫ్‌లు చూస్తే గానీ ఆ లెక్కని నమ్మలేం.

ఈ మాట చెప్పగానే నాయన లోపలికెళ్లి పాత క్యాలెండర్ల కట్ట తెచ్చాడు. గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్లు, ఏడాదికొకటి. జూన్, జులై, ఆగస్టు కాగితాల మీద పెన్సిల్‌తో గుర్తులు. నిండు సున్నా అంటే పదును. సగం సున్నా అంటే చాలని వాన. అడ్డగీత అంటే విత్తిన రోజు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గుర్తులు గోడ మీదే ఉన్నాయి. నేను ఇంటర్ చదివిన ఏడాది క్యాలెండర్ కూడా అందులో ఉంది. మండల కేంద్రంలో కుండపోత పడిన తేదీ దగ్గర నాయన ఏ గుర్తూ పెట్టలేదు.

అన్ని కాగితాలకీ ఫోన్‌లో ఫొటోలు తీసి, తేదీల వారీగా ఒక పట్టికలో ఎక్కించాను. ఈ జూన్ నుంచి యాంటెనా గీత ఒక గడిలో, నాయన సున్నా దాని పక్క గడిలో ఉంటాయి. రెండూ ఒప్పుకున్న రోజులు ఎన్ని, ఒప్పుకోనివి ఎన్ని అని చూడాలి. ఒప్పుకోని రోజున ఎవరిది సరైందో తేల్చడానికి మట్టి తవ్వి తూకం వేస్తాం. తవ్వేది జానెడు లోతుకి. ఆ షరతు నాయనది.